ఏరియేటర్ శ్రుతిలో కొల్లేరు పాట

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది కైకలూరు దగ్గర ఒక లంక గ్రామం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. కొల్లేరు సరస్సు పాడైపోవడం మీద, కంప్యూటర్‌లో పాటలు కట్టే ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఒక విషాదమైన ఎలక్ట్రానిక్ పాట కడుతున్నారు. నాలుగు మైనర్ కార్డులు, మెల్లని పియానో, వాన చప్పుడు, వెనకాల ఆడగొంతు ఆలాపన, "ఓ ప్రకృతి తల్లీ" అని పల్లవి. విన్నవాళ్లంతా బాగుందంటున్నారు గానీ ఎవరూ రెండోసారి పెట్టుకోవడం లేదు. గుండె పిండేసినట్టు ఉండాలంటే ఇంకే ప్లగిన్ వాడాలని అడిగారు. చివర్లో, కాస్త నసుగుతూ, మీ నాన్నగారికీ అక్కడ ఆరెకరాల రొయ్యల చెరువుందని, మీ ఇంజినీరింగ్ ఫీజు దాని మీదే కట్టారని రాశారు.

మీరు పంపిన నాలుగు నిమిషాల ట్రాక్‌లో లేనిదీ, మీ ఉత్తరంలో ఉన్నదీ ఆ చివరి మాటే. నేనైతే పాటను అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో సౌండ్ పని చేస్తున్నాను. తీరిక దొరికినప్పుడు సొంతంగా ట్రాకులు కడతాను. మీరు ఇప్పుడు చేస్తున్నదే నేనూ ఒకప్పుడు చేశాను. చెరువుల మీద ఒక పాట కట్టి, అందులో గుండె చప్పుడు, చంటిపిల్ల ఏడుపు, దూరంగా సైరన్ పెట్టాను. మిక్సింగ్ చేసే మిత్రుడికి వినిపిస్తే, పూర్తిగా విని, "ఇది ఏ ఇన్సూరెన్స్ కంపెనీ యాడ్‌కి?" అన్నాడు. వారం రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఆ ఫైలు తీసేశాను.

లోపం కార్డుల్లో లేదు. మీ పాట మొదటి సెకను నుంచే ఏడుస్తోంది. పోయిందేమిటో వినేవాడికి చూపించకముందే పోయిందని ఏడిస్తే అతనేం చేస్తాడు? పక్కింట్లో చావు జరిగితే వెళ్లి కూర్చుని వచ్చినట్టు, మర్యాదకి విని లేస్తాడు.

రెండో సంగతి, వాన చప్పుడు తీసేయండి. వానకీ కొల్లేరు బాధకీ సంబంధం లేదు. అసలు కొల్లేరు కథలో ఉన్న వింత ఏమిటంటే, అక్కడ నీళ్లకి కరువు కనిపించదు. ఎండాకాలం మాట పక్కన పెట్టి మీ ఊరి గట్టు మీద నిలబడండి. కనుచూపు మేరా నీళ్లే. మెరుస్తూ, నలుచదరంగా, గట్ల మధ్య బంధించిన నీళ్లు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసిన నీటిని పరుచుకుని, నిలిపి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపే సరస్సు అది. 1970లలో సహకార సంఘాలకు చేపల చెరువులు ఇవ్వడంతో మొదలై, సరస్సంతా ముక్కలు ముక్కలుగా చెరువులైంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో పొక్లెయిన్లు పెట్టి గట్లు తెంచారు. మళ్లీ గట్లు లేచాయి. మీకు ఇవన్నీ నాకంటే బాగా తెలుసు, ఎందుకంటే తెంచిన గట్లలోనూ లేచిన గట్లలోనూ మీ బంధువులవి ఉండే ఉంటాయి. నేను చెప్పేది ఒక్కటే. ఎండిన నేల, నెర్రెలిచ్చిన మట్టి, ఒంటరి పియానో మీ కథ కాదు. మీది నిండుగా కనబడే నష్టం. కాబట్టి పాట చివరికి వచ్చేకొద్దీ ఖాళీ అవకూడదు, నిండిపోవాలి. ఒకే ఒక శబ్దంతో.

ఆ శబ్దం ఏదో మీకు చెప్పాలా? ఏరియేటర్. చెరువు నీళ్లను రెక్కలతో చిమ్మి గాలి కలిపే మోటారు.

రాత్రిపూట నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా వాడుకుంటుంది. తెల్లవారుజాముకి చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే రైతులు రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు. పక్షులు గొంతు విప్పేదీ సరిగ్గా ఆ తెల్లవారుజామునే. అంటే కొల్లేట్లో అన్నిటికంటే అందమైన ధ్వని వినిపించాల్సిన గంటలోనే మోటార్ల మోత ఎక్కువగా ఉంటుంది. పాట నిర్మాణం మీ ఊళ్లో రోజూ నాలుగున్నరకి తయారై ఉంటుంది. మీరు వెళ్లి రికార్డు చేసుకోవడమే.

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే మోటారు హమ్ 100 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్ల దగ్గర గట్టిగా వినిపిస్తుంది. కీబోర్డు మీద దీనికి దగ్గర స్వరం జి. మామూలు ట్యూనింగ్‌లో కింది జి 49 హెర్ట్జ్, దాని పైది 98. అంటే కరెంటు హమ్ జి కంటే సుమారు 35 సెంట్లు ఎక్కువ (కీబోర్డు మీద పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). అందుకే మీ ట్రాక్‌లో మోటారు శబ్దం వేసి చూస్తే ఏదో బెసిగినట్టు అనిపించి ఉంటుంది. చాలామంది అప్పుడు రికార్డింగ్‌ను పిచ్ మార్చి పాటకి సరిపెడతారు. మీరు అలా చేయొద్దు. రికార్డింగ్‌ని అలాగే వదిలి, వాయిద్యాలన్నిటినీ మాస్టర్ పిచ్‌లో 35 సెంట్లు పైకి జరపండి. మోటారు మీ శ్రుతికి రాదు, మీరే దాని శ్రుతికి వెళ్లాలి. ఊరు చేసిందీ అదే కదా.

రాగం సంగతి. మైనర్ అనగానే శివరంజనికో శుభపంతువరాళికో చెయ్యి పోతుంది. మన సినిమాలు ఆ రెంటినీ అంతగా వాడేశాయి, మొదటి నాలుగు స్వరాలకే వినేవాడు జేబులో రుమాలు వెతుక్కుంటాడు. అది మీ విషాదం కాదు, అరువు తెచ్చుకున్నది. దానికి బదులు మోహనతో మొదలుపెట్టండి. అవును, మోహనే. ఉల్లాసంగా, చిన్నపిల్లలు కూడా పాడే రాగం. రెండున్నర శ్రుతిలో, అంటే ఇ-ఫ్లాట్‌ను షడ్జమంగా పెట్టుకోండి. అప్పుడు మీ ఐదు స్వరాలు ఇ-ఫ్లాట్, ఎఫ్, జి, బి-ఫ్లాట్, సి. ఇందులో జి ఎక్కడుంది? గాంధారం. మోహనలో అన్నిటికంటే తియ్యని స్వరం. మొదటి నిమిషంలో మోటారు హమ్ ఎక్కడో దూరంగా, వినీ వినబడకుండా, ఆ గాంధారంగా పలుకుతుంది. వినేవాడికి అది మోటారని తెలియదు. తంబూరా ఏమో అనుకుంటాడు. హాయిగా ఉంటుంది కూడా. చెరువులు వచ్చిన మొదటి ఏళ్లు మీ ఇళ్లలో ఎలా ఉండేవో అమ్మనడగండి. డాబాలు లేచిన ఏళ్లు అవి.

తర్వాత పాట నడుస్తుండగా హమ్‌ను పెంచుకుంటూ, ఇ-ఫ్లాట్ బేస్‌ని తగ్గించుకుంటూ రండి. తొందరొద్దు, రెండు నిమిషాలు పట్టనివ్వండి. ఒక దశలో చెవి తనంతట తనే జి ని ఆధారంగా తీసుకుంటుంది. అక్కడ మోహన మాయమై హిందోళం అవుతుంది. ఒక్క స్వరం మారలేదు. పాడే గొంతు అవే స్వరాలు పాడుతోంది. కింద నేల మారింది, అంతే. కర్ణాటక సంగీతంలో దీన్ని గ్రహభేదం అంటారు. కచేరీల్లో విద్వాంసులు చమత్కారంగా చేసి చప్పట్లు కొట్టించుకుంటారు. మీరు అదే పనిని చప్పట్లు లేకుండా, ఎవరికీ తెలియకుండా చేయండి.

హిందోళానికి ఇంకో గుణం ఉంది, మీ పనికి బాగా పనికొస్తుంది. అందులో పంచమం లేదు. జి ఆధారమైతే డి లేదన్నమాట. కాబట్టి జి మీద పూర్తి కార్డు కట్టలేరు, మేజరూ కాదు, మైనరూ కాదు. ఈ ఐదు స్వరాల్లో దొరికే నిండు కార్డులు రెండే, ఇ-ఫ్లాట్ మేజర్, సి మైనర్. ఆ రెండూ కొత్త ఆధారం మీద పరాయిగా తేలుతుంటాయి. పాట ఎటు తిరిగినా ఇల్లు చేరినట్టు ఉండదు. ఇందుకోసం ఏ ప్లగినూ కొననక్కర్లేదు. పొరపాటున మీ ప్యాడ్ ప్రీసెట్‌లో పంచమం కలిసి ఉందేమో మాత్రం చూసుకోండి. చాలా ప్రీసెట్లు ఒక మీట నొక్కితే రెండు స్వరాలు పలుకుతాయి. నేను ఒకసారి ఇది గమనించక రెండు రాత్రులు తల బాదుకున్నాను.

గమకాలు సింథ్ మీద పెట్టాలనిపిస్తుంది, తప్పకుండా పెట్టండి, కానీ రెండు చోట్లే. పిచ్ బెండ్ రేంజ్ రెండు సెమీటోన్లకి ఉంచి చేత్తో వాయించండి. మౌస్‌తో గీసిన గమకం వెక్కిళ్లలా ఉంటుంది.

రికార్డింగ్‌కి డిసెంబరు, జనవరి మంచివి, వలస పక్షులు ఉంటాయి. ఆటపాక వైపు వెళితే గూడబాతులు కనిపిస్తాయి, వాటి కోసం నీళ్లలో పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడతాయి. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి. గోలంతా గూళ్లలో పిల్లలది, అది కూడా పాటలా ఉండదు, గొంతు పట్టేసిన మేకపిల్లల్లా ఉంటుంది. నిరాశపడకండి. తియ్యని కిలకిలారావం కావాలని సౌండ్ లైబ్రరీలోంచి యూరప్ పిట్టను తెచ్చి పెట్టడం మాత్రం చేయొద్దు. పక్షుల గురించి తెలిసినవాళ్లు వింటే అక్కడే పాట ఆపేస్తారు. గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు, గట్టు మీద నుంచే చేయండి. చేతి రికార్డరు, దానికి గాలి తగలకుండా బొచ్చు తొడుగు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఆటో గెయిన్ ఆఫ్. అరగంట ఆపకుండా. నాలుగు సెకన్ల ముక్కను లూప్ చేస్తే చెవి మూడోసారికే పట్టేస్తుంది.

ఏరియేటర్‌ని రెండు రకాలుగా తీయండి. ఒకటి నీళ్లను చిమ్మే రెక్కల చప్పుడు, ఇంకోటి మోటారు దగ్గర హమ్. రెక్కల చప్పుడును బీట్‌గా వాడాలని ఆశ పుడుతుంది. అది చాలా వేగంగా, గలగలా కలిసిపోయి ఉంటుంది, బీట్‌గా నిలబడదు. దాన్ని పలచని పొరలా పరచండి. బీట్ వేరే పెట్టుకోండి, నిమిషానికి 70 దగ్గర. మీ దగ్గర తాటిదోనె, గెడ ఉంటే గెడ దోనె అంచుకి తగిలే చప్పుడు తీసి కిక్ (బేస్ డ్రమ్ దెబ్బ) కింద కలపండి. లేకపోతే వద్దు, స్టూడియోలో బల్ల గుద్ది దోనె అనకండి.

ఇప్పుడు మిక్సింగ్‌లో ఒక పని. సైడ్‌చెయిన్ మీకు తెలుసు, కిక్ పడ్డప్పుడల్లా ప్యాడ్ కుంగుతుంది, చాలా క్లబ్ పాటల్లో ఉండే ఊపు అదే. మీరు దాన్ని మోటారుకి కట్టండి. మోటారు ట్రాక్ పెరిగేకొద్దీ పక్షుల ట్రాక్ కుంగాలి. నిష్పత్తి నాలుగుకి ఒకటి చాలు, రిలీజ్ 400 మిల్లీసెకన్లు. పక్షుల వాల్యూమ్‌ని మీ చేత్తో తగ్గిస్తే ఎవరో కావాలని నొక్కుతున్నట్టు ఉంటుంది. ఇలా చేస్తే ఎవరి మీదా కోపం లేకుండా, పని జరుగుతుండగా పక్కన ఇంకోటి పోతున్నట్టు ఉంటుంది. మీ నాన్నగారు పక్షుల మీద పగతో మోటారు వేయలేదు.

ఇలా వినడం నేర్పినవాళ్లలో బెర్నీ క్రాస్ ఒకరు. 1960లలో మూగ్ సింథసైజర్‌ను పాప్ సంగీతంలోకీ హాలీవుడ్‌లోకీ తెచ్చినవాళ్లలో ఆయన ఉన్నారు. తర్వాత మైకు పట్టుకుని అడవుల్లోకి వెళ్లిపోయారు. కాలిఫోర్నియా సియెరా నెవాడా కొండల్లో లింకన్ మెడో అనే చోట 1988లో తెల్లవారుజాము ధ్వనిని రికార్డు చేశారు. ఆ తర్వాత అక్కడ చెట్లను ఏరి కొన్ని మాత్రమే కొట్టారు, దాంతో ఏ హానీ ఉండదని ముందే హామీ ఇచ్చారు. మరుసటి ఏడు అదే రోజుల్లో ఆయన వెళ్లేసరికి చూడటానికి చోటు అలాగే ఉంది, ఫొటో తీస్తే తేడా తెలియదు. రికార్డింగ్‌లో మాత్రం పక్షుల గొంతులు చాలామటుకు లేవు. ఆరోగ్యంగా ఉన్న చోట ఒక్కో జీవి ఒక్కో ఫ్రీక్వెన్సీ జాగాను పట్టుకుని, ఒకదాని మీద ఒకటి పడకుండా పలుకుతుందని ఆయన అంటారు. మిక్సింగ్ ఇంజినీరు ఈక్యూతో, అంటే ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే సాధనంతో, చేసే పని అదే. కాబట్టి మొదటి నిమిషంలో ప్రతి ధ్వనికీ దాని జాగా ఇవ్వండి. కప్పలకి కింద, నీటికోళ్లకి మధ్యలో, కీచురాళ్లకి పైన. తర్వాత ఒక్కొక్కటే తీయండి, ఖాళీ అయిన జాగాలోకి మోటారు హార్మోనిక్స్‌ను (హమ్‌కి రెట్లుగా పైన పలికే స్వరాలను) సాచురేషన్‌తో పాకనివ్వండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. జనం వినేది ఫోను స్పీకర్‌లో, అందులో 50 హెర్ట్జ్ వినబడదు, 100 కూడా అంతంతే. పై హార్మోనిక్స్ ఉంటేనే మీ ఆధార స్వరం వాళ్ల చెవిన పడుతుంది.

రెవర్బ్ తగ్గించండి. ప్రకృతి అనగానే పెద్ద హాల్ రెవర్బ్ వేసేస్తాం. కొల్లేట్లో గోడలెక్కడున్నాయి, కొండలెక్కడున్నాయి? చదునైన నీటి మీద ప్రతిధ్వని ఉండదు. పైగా చల్లని తెల్లవారుజామున నీటి మీద శబ్దం కిందికి వంగి చాలా దూరం స్పష్టంగా వస్తుంది, అవతలి గట్టు మీద దగ్గినా పక్కన దగ్గినట్టుంటుంది. గొంతును పొడిగా ఉంచండి. చెవి పక్కన ఉన్నట్టు.

ఆలాపన తీసేయండి అని మొహమాటం లేకుండా చెబుతున్నాను. దాని స్థానంలో ఏం పెట్టాలో కడప జిల్లా లంకమల అడవుల నుంచి చెబుతాను. కలివికోడి అంతరించిందని 1900 తర్వాత అందరూ అనుకున్నారు, 1986లో అక్కడ మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పక్షి, కంటికి కనబడటం కష్టం. అందుకని పరిశోధకులు సంధ్యవేళ దాని కూత రికార్డింగ్‌ను పొదల వైపు వినిపించి, జవాబు వస్తుందేమోనని ఆగి వింటారు. ఎన్నో సాయంత్రాలు జవాబు రాదు. ఈ ఆగడం మీ పాటలోకి తీసుకోండి. పల్లవిలో ఒక ప్రశ్న పాడి, రెండు బార్లు, అంటే ఎనిమిది బీట్లు, వదిలేయండి. 70 టెంపోలో అది దాదాపు 7 సెకన్లు. మొదటిసారి ఆ జాగాలో నీటికోడి పలకాలి. రెండోసారి దూరంగా పలకాలి. మూడోసారి ఆ ఏడు సెకన్లూ అలాగే ఉండాలి. అక్కడ ఏదో ఒకటి వేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఓర్చుకోండి.

సాహిత్యంలో "ప్రకృతి", "పచ్చదనం", "మానవుడా" అనే మాటలకి సెలవివ్వండి. మీ నానమ్మ వాడి, మీరు వాడని మాటలు ఒక కాగితం మీద రాసుకోండి. కిక్కిస, మావు, గెడ, రేవు, ఇంగిలాయి. మావు అంటే ఏమిటో మీ ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలియకపోయినా ఫర్వాలేదు, వివరించకండి. ఉదాహరణకి నాకు తోచిన నాలుగు పంక్తులు ఇస్తున్నాను, నచ్చితే వాడుకోండి.

ఎటు చూసినా నీళ్లే తాతా
దాటేందుకు ఏరేదీ
ఎటు చూసినా గట్లే తాతా
దిగేందుకు రేవేదీ

చివర "ఏదీ" అని దీర్ఘం ఎందుకంటే, తెలుగు మాట అచ్చుతో ఆగుతుంది, ఆ అచ్చును ఎంతసేపైనా పట్టుకోవచ్చు. "ఈ" అనే అచ్చు సన్నగా, మోటారు హార్మోనిక్స్ మధ్యలోంచి దూసుకొస్తుంది. "ఊ" అయితే హమ్‌లో మునిగిపోతుంది. చివరి పల్లవిలో మునిగిపోవడమే కావాలనుకుంటే ప్రాసను అక్కడ మార్చుకోండి. రెండో చరణం మీ చెరువు గురించే ఉండాలి. ఫీజు, రొయ్య కౌంటు, మేత బస్తా, డాబా మెట్లు. నిందా వద్దు, క్షమాపణా వద్దు, ఉన్నది ఉన్నట్టు. దాన్ని దాచి కొల్లేరమ్మ కోసం ఏడిస్తే మీ ఊరివాళ్లు నవ్వుతారు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి చెరువు ఉన్నవాళ్లూ వెళతారు, వల ఉన్నవాళ్లూ వెళతారు. అమ్మవారిని జలదుర్గ అని కూడా అంటారు. ఆ పేరు ఒక్కసారి, పాట మధ్యలో వస్తే చాలు.

ముగింపుకి మీరు ఫేడ్ అవుట్ పెట్టారు. అది తీసేసి ఇలా ప్రయత్నించండి. హమ్ నిండిపోయిన చోట, పంక్తి మధ్యలో, కరెంటు పోవాలి. మొత్తం ఒక్క దెబ్బతో ఆగాలి, ప్యాడ్లతో సహా. నాకు రొయ్యల చెరువులున్న ఊళ్లో చుట్టాలున్నారు. అక్కడ పడుకున్న రాత్రుల్లో ఒకటి గమనించాను, మనుషుల్ని నిద్ర లేపేది చప్పుడు కాదు, చప్పుడు ఆగడం. కరెంటు పోయిన మరుక్షణం ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు, టార్చి వెతుకుతారు, జనరేటర్ వైపు పరుగెడతారు. కాసేపు ఆలస్యమైతే పంటంతా నీళ్ల పైన తేలుతుంది. ఆ నిశ్శబ్దాన్ని నాలుగు సెకన్లు ఉంచండి. పక్షుల్ని తిరిగి తేవొద్దు, అది అబద్ధం అవుతుంది. ఎవరో "ఒరే, లేవండ్రా" అని కేక వేసిన రికార్డింగ్ దొరికితే, అదీ మీ నాన్నగారి గొంతే అయితే, ఇంకా మంచిది. తర్వాత జనరేటర్ అందుకోవాలి.

జనరేటర్ మీద బరువు పడితే దాని వేగం కాస్త తగ్గుతుంది, 50 హెర్ట్జ్ కాస్తా 49 వైపు జారుతుంది. అంటే మీ ఆధార స్వరం తిరిగి వచ్చేటప్పుడు దాదాపు 35 సెంట్లు తగ్గి వస్తుంది. వాయిద్యాల్ని దానికి సరిచేయకండి. అప్పటికి గొంతు ఒక్కటే మిగిలి ఉండాలి, పాత శ్రుతిలోనే "రేవేదీ" అంటూ.

మొదటి మిక్స్ అయ్యాక పంపండి, వింటాను. హెడ్‌ఫోన్స్‌లో కాదు, కారులో ఒకసారి విని పంపండి.